చల్లబెట్టని శాంపిల్

"బాడీ స్ప్రేకి ఐసెందుకండీ? ఇదేమన్నా చేపా?"

అమలాపురం కాలేజీ ల్యాబుకి వచ్చిన మొదటి రోజు దుర్గాసాయి అన్న మాట అది. కాట్రేనికోనలో చిన్న బాడీ స్ప్రే యూనిట్ పెట్టుకున్నాడు. లేబుల్ మీద రాసినంతే ఆల్కహాల్ ఉందని ప్రతి బ్యాచ్‌కీ ల్యాబు రిపోర్టు ఇస్తేగాని సరుకు తీసుకోబోమన్నారు కొనేవాళ్లు.

"మామూలుగా తీస్తే డబ్బాలో గ్యాసు ఎగిరిపోతుందండీ," అంది ల్యాబులో పరీక్షలు చేసే స్టెల్లా. "బాగా చల్లబెడితే అదీ ద్రవమవుతుంది. అప్పుడు తీస్తేనే అసలు పాళ్లు తెలుస్తాయి. మా ఫ్రిజ్ చాలదు, ఐసు తెచ్చుకోండి."

మర్నాడు రొయ్యల పెట్టె నిండా ఐసూ ఉప్పూ మోసుకొచ్చాడు. ల్యాబంతా నీచు వాసన.

"ముందు మీ పెట్టెకి కొట్టండి స్ప్రే!" అని ముక్కు మూసుకుని నవ్వింది స్టెల్లా. ఆ నవ్వు కోసమే తర్వాత కూడా పెట్టె కడక్కుండా తెస్తున్నాడేమోనని ఆమెకి అనుమానం.

చల్లటి డబ్బా నుంచి సీసాలోకి తీసిన శాంపిల్‌ని సూదితో మెషీన్‌కి ఎక్కించేది. కంప్యూటర్ తెర మీద ముందు గ్యాసు, తర్వాత ఆల్కహాల్ గీతలుగా లేచేవి.

"అదిగో, కొండ!"

"దాన్ని పీక్ అంటారండీ."

"ఏమో అండి. మా కోనసీమలో కొండల్లేవు. మీ దగ్గరే చూస్తున్నాను."

ఆమె వేళ్లు కొంకర్లు పోతుంటే చూడలేక, సీసాలోకి తీసే పని తనే నేర్చుకున్నాడు.

ఒకరోజు స్టెల్లా పరీక్ష డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి, ఐసులో సీసా సిద్ధంగా ఉంది. పక్కన దుర్గాసాయి, ఇస్త్రీ చొక్కాలో. ఎప్పటిలాగే తీశాడనుకుంది. మెషీన్‌కి ఎక్కించింది. గ్యాసు గీత లేచీ లేవనట్టుంది. ఆల్కహాల్ గీత తెర పైకంటా వెళ్లింది.

"లేబుల్ మీద నలభై శాతం. ఇందులో దాదాపు రెట్టింపు. ఏం కలిపేరు?"

"ఏమీ కలపలేదండీ. ఇంకోసారి చూడండి. ఇంటి దగ్గర నేను..."

"పాసయ్యేవరకూ చూస్తూనే ఉండాలా? ఇన్నాళ్లూ ఐసు మోసింది ఇందుకేనా?"

"కాదండీ," అని మాత్రం అని, పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయాడు. లేబుల్‌కి సరిపోలేదని రాసిన రిపోర్టు మీద ఆమె సంతకం చేసింది.

సెలవుల తర్వాత అలమర సర్దుతుంటే ఆ బ్యాచ్ డబ్బాయే ఒకటి దొరికింది. ఊరికే నొక్కి చూసింది. జోరుగా చిమ్మింది. గ్యాసు లేని డబ్బా చిమ్మదు కదా, అంటే ఆరోజు గ్యాసు ఎగిరిపోయింది సీసాలోంచే! ఇంత చిన్న సంగతి ఆరోజు తట్టలేదు, కోపం ముందొచ్చింది. చల్లబెట్టి పరీక్ష చేసింది. లేబుల్ మీద రాసిందే నిజం.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సెక్కింది.

కాట్రేనికోనలో యూనిట్ షెడ్డుకి తాళం వేసి ఉంది. ఇంటి అరుగు మీద అతని తల్లి సూర్యకాంతం గారు కూర్చుంది.

"ల్యాబు మేడం గారా? రండమ్మా. మీ మాటలే చెప్పేవాడు. చర్చికెళ్లే పిల్ల మనకెందుకురా అని ముందు నేనే ఒప్పుకోలేదు. ఆఖరికి, సరే, ఎల్లి అడిగి రారా అన్నాను. ఆవేళ ఇంటికాడే స్ప్రేని సీసాలోకి కొట్టేసేడు. ల్యాబులో ఆ పని మిగలకూడదంట, మాట్లాడుకోడానికి తీరిక ఉండాలంట. సీసాని ఐసులో పెడితే చాలనుకున్నాడు, పిచ్చోడు."

స్టెల్లా బ్యాగులోంచి కొత్త రిపోర్టు తీయబోయి ఆగిపోయింది.

"మొన్న ఉప్పలగుప్తం సంబంధానికి తాంబూలాలు పుచ్చేసుకున్నామమ్మా," అంది ఆవిడ, నెమ్మదిగా.

రొయ్యల చెరువు దగ్గర్నుంచి వచ్చిన దుర్గాసాయి ఆమెని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. బస్టాపు దాకా గొడుగు పట్టుకుని వచ్చాడు. వాన అతని భుజాన్నే తడుపుతోంది.

"రిపోర్టు తప్పండీ. సరైంది తెచ్చేను."

"సీసా తప్పు నాదేనండీ."

"మరి ఆవేళ ఎందుకు చెప్పలేదు?"

"మీరే నమ్మనప్పుడు ఇంక చెప్పడానికేముందండీ?"

మలుపులో బస్సు కనిపించింది.

"మీరు అడగాలనుకున్న మాట అడిగుంటే, సరేననేదాన్నండీ," అంది స్టెల్లా.

అతను గొడుగుని ఆమె వైపు ఇంకాస్త వంచాడు.

"ఆయ్," అన్నాడు, ఔనన్నట్టు తలూపుతూ.

ఆమె బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తే, ఆమె నిలబడిన చోటు మీదే ఇంకా గొడుగు పట్టి, అతను పక్కన తడుస్తూ ఉన్నాడు.