మద్రాసు సంగతి యమునాబాయిని అడిగిన తీరు

దగ్గరికి జరుగున్రి బిడ్డా. గడప కాడ కూసుంటే నా మాట సగమే వినవడుతది, మిగిలిన సగం పక్కింటి మగ్గాలు తినేస్తయి. చాప ఉన్నది, ఇటు రాన్రి. మీకు మా యమునాబాయి ముచ్చట చెప్పాలె. నేను చూసింది కొంత, ఆమె నోటితోటి విన్నది కొంత.

ఇక్కడనే సోలాపూర్ల, కుంఠా నాకా వెనుక గల్లీల, మా గోడకు ఆనుకున్న ఇంట్లనే ఉండేది యమునాబాయి. ఎనభై ఎనిమిదో సాలు, దీవాళి పోయి చలి మొదలైన రోజులు. ఆ పొద్దు గూడ అన్ని పొద్దుల లెక్కనే తెల్లారింది. ముందటి రోజు తడిపి బట్టల చుట్టిన బీడీ ఆకును విప్పి, కత్తెరతోటి ముక్కలు కోసుకుంట కూసున్నది. పెనిమిటి పెంటప్ప పొయ్యి పక్కన చాయ్ గ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకొని కూసున్నడు. తాగేది తరువాత. ముందు వేళ్లు తెరుచుకోవాలె. చలికాలం వస్తే ఆయన వేళ్లు ముడుచుకొని పిడికిలి లెక్క అయితయి. పది గంటల ఎండ తగిలిందాక మగ్గం మీద పోగు నడిపే నాడె పట్టలేడు. చద్దర్లు నేసే చేతులవి, సోలాపూర్ల ఆయన నేసిన పూల అంచుకు పేరుండేది.

కొడుకు దత్తాత్రి మద్రాసుల ఉంటడు. తువ్వాళ్లు ఓడలకెక్కించే ఒక కంపెనీ గోదాంల సూపర్‌వైజర్. పెండ్లాం లక్ష్మిని అక్కడనే విడిచిపెట్టి దీవాళికి ఒక్కడే వచ్చిండు. ఆ పొద్దు అమ్మ ముందట చాప మీద కూసొని మాట తీసిండు.

"అవ్వ, మద్రాసుల చలికాలమే లేదు. పుష్యమాసంల గూడ ఫ్యాన్ తిరుగుతది. నాయన వేళ్లకు అదే మందు. మీరిద్దరు వచ్చేయున్రి. మంచి, చెడ్డ రెండూ నీ ముందట పెడుత. ఖరారు చేసేది నువ్వే."

"నేనా?" అన్నది యమునాబాయి, ఆకు కోసుడు ఆపకుంట.

"నువ్వే. నాయన గూడ అదే అంటున్నడు."

పెంటప్ప గ్లాసు దిక్కే చూసుకుంట తల ఊపిండు.

"సరే, నీళ్లెట్ల వస్తయిరా అక్కడ?"

"నీళ్లకేంది అవ్వ, సముద్రమే పక్కన ఉన్నది."

"సముద్రం నీళ్లతోటి పప్పు ఉడుకుతదా?"

పెంటప్పకు నవ్వొచ్చింది, దత్తాత్రికి రాలే. లారీల నీళ్లొస్తయని, అదేం పెద్ద ఇబ్బంది కాదని చెప్పిండు. సర్కారు దవాఖాన దగ్గరనే ఉన్నదన్నడు, సందుల తెలుగోళ్లున్నరన్నడు, లక్ష్మికి తోడవుతదన్నడు. అన్ని మంచివే చెప్పిండు. చెడ్డ ఏందిరా అని అడిగితే, "కొంచెం చెమట పడుతది" అన్నడు.

ఆ దినం నుంచి యమునాబాయికి అదే పని. బీడీలు చుట్టుకుంటనే మనసుల ఒకటొకటి పేర్చుకున్నది. నా తోటి, పక్కింటి గంగుబాయి తోటి కలిసి బీడీలు ఇయ్యను కార్ఖానాకు పోయేటప్పుడు దారి పొడుగున అదే ముచ్చట.

"ఇరవై నాలుగేండ్ల బీడీ కార్డు గంగూ. మద్రాసుకు పోతే నా పేరు కొట్టేస్తరు. అక్కడ నాకు ఆకు ఎవలిస్తరు?"

"ఇస్తే గూడ ఏం చేస్తవు, ఆ చెమటకు తంబాకు ముద్దయితది" అన్నది గంగుబాయి.

"మన కులదేవుడు మార్కండేయుని రథం చూడకుంట ఒక్క ఏడు ఉన్ననా నేను?"

"మరి వద్దను. నిన్నే గదా అడిగిన్రు. మా ఇంట్ల నన్ను పప్పుల ఉప్పు సంగతి గూడ అడుగరు. నువ్వు అదృష్టవంతురాలివి యమునక్కా."

ఆ మాట యమునాబాయికి తీపిగ తగిలింది. నిజమే గదా అనుకున్నది. పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లు. ఇంత పెద్ద సంగతి ఆమె చేతుల పెట్టిన ఇల్లు మా గల్లీల ఇంకొకటి లేదు. ఎనిమిది రోజులు అట్ల మురిసింది, అట్లనే నలిగింది. ఆఖరుకు ఒక పొద్దు, పెంటప్ప అంగీ గుండీ పెట్టుకోలేక, ఎవలన్న చూస్తున్నరా అని అటు ఇటు చూసి పండ్లతోటి లాక్కునుడు ఆమె కంట్ల పడింది. అంతే. కార్డు పోతే పోనీ అనుకున్నది. రథం ఏమన్న పారిపోతదా అనుకున్నది. పోదామని చెప్పాలె, అది గూడ ఆ పూటనే చెప్పాలె అనుకున్నది.

అది శుక్రవారం. తండ్రీకొడుకులు నాకా కాడికి పోయిన్రు. వాళ్లొచ్చేలోపల మగ్గానికి ఊదుబత్తి ముట్టించి, మొదలు ఆ మగ్గానికే చెప్తె మంచిగుంటదని లోపటి అర్రలకు పోయింది. మగ్గం మీద పాత చద్దరు కప్పి ఉన్నది. తీసింది.

పన్నె ఖాళీగ ఉన్నది.

మీకు మగ్గం తెల్వదు గదా, చెప్త. పడుగు పోగులన్ని దువ్వెన పండ్ల లెక్క ఉండే పన్నెల నుంచి దూరి వస్తయి. ఒక పడుగు నేసుడు అయిపోయినంక మావోళ్లు దాన్ని మొత్తం కోసెయ్యరు. జానెడు కొసలు పన్నెలనే విడిచిపెడుతరు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కొక్క పోగును పాత కొసకు కలిపి, వేళ్లకు బూడిద రాసుకొని మెలితిప్పి అతుకుతరు. వెయ్యి పైన పోగులు. ఆ అతుకుడు ఆడోళ్ల పని. ఇరవై ఎనిమిదేండ్లు పెంటప్ప పక్కన కూసొని ఆమెనే అతికింది. కొసలు కోసేసి పన్నె ఖాళీ చేసిన్రంటే, ఆ మగ్గం మీద ఇంక ఈ ఇంటోళ్లు నెయ్యరని. మగ్గం ఇల్లు దాటిపోతున్నదని. చెప్పే పని లేదు, మా ఇండ్లల్ల పుట్టిన చిన్న పోరికి గూడ తెలుస్తది.

ఊదుబత్తి చేతులనే కాలింది. వాళ్లు వచ్చిందాక ఆమె అక్కడనే నిలబడ్డది.

"ఏందయ్యా, పన్నె ఖాళీగున్నది?"

పెంటప్ప చెప్పులు గూడ విడువలే. "దుమ్ము పట్టిందని... సాఫ్ చేసిన" అన్నడు.

"ఎన్నడన్న కొసలు కోసి సాఫ్ చేసినమా?"

ఆయన వంగి చెప్పులు విడువబట్టిండు. దత్తాత్రినే ముందుకొచ్చిండు.

"అవ్వ, పక్క గల్లీ బాలయ్య మామ మగ్గం తీసుకుంటనన్నడు. ఆయన నేసే బట్ట వెడల్పు వేరే, పన్నె ఖాళీ చేసి ఇయ్యమన్నడు. జరంత తొందర పెట్టిండు, అందుకే నువ్వు కార్ఖానాకు పోయినప్పుడు..."

"బాలయ్యకు మాట ఎన్నడిచ్చిన్రు?"

"అది ఇప్పుడు ఎందుకు అవ్వ?"

"ఎన్నడురా?"

"దీవాళికి ముందు. నాయన జాబు రాయించిండు, మగ్గం బాలయ్యకు ఇస్తున్న, మా కోసం అర్ర చూడుమని. నేను చూసినంకనే వచ్చిన."

యమునాబాయి ఊదుబత్తి పుల్లను కింద పెట్టింది. గొంతు పెంచలే. నేను గోడ అవతల ఉన్న, చెవి పెట్టి వింటే గని వినబడలే నాకు.

"అంటే మీరు చాప ఏసి నన్ను అడిగిననాటికే అన్ని అయిపోయినయి. మరి ఎందుకు అడిగిన్రు? ఎనిమిది రోజులు నేను నిద్ర లేకుంట లెక్కలేసుకుంటుంటే మీరిద్దరు చూసుకుంట కూసున్నరా?"

"నీ మనసుకు బాధ కావద్దని అవ్వ. నువ్వే ఖరారు చేసినట్టు ఉంటదని."

"చేసినట్టు" అన్నది ఆమె. "గల్లీల అందరికి చెప్పుకున్న, మావోళ్లు నన్ను అడిగిన్రని. గంగుబాయి నన్ను అదృష్టవంతురాలన్నది." పెంటప్ప దిక్కు తిరిగింది. "నేను ఇప్పుడు ఈ అర్రలకు ఎందుకొచ్చిన్నో ఎరికేనా? పోదామని చెప్పెటందుకు."

పెంటప్ప గోడకు ఆనుకున్నడు. "నువ్వు వద్దంటవనుకున్న" అన్నడు చిన్నగ.

"అంటే ఏం చేసేటోనివి?"

"నువ్వు వద్దంటే నేను కదలలేను. ఎన్నడన్న నీ మాట దాటిన్నా? అందుకనే... నువ్వు అనకముందే చేసేసిన."

"నా మాటకు విలువ లేదనుకొని చేస్తే ఇంత మండకపోవు. విలువ ఉన్నదని ఎరిగి చేసినవు. నా మాటకు భయపడి, నా మాటనే దొంగిలించినవు."

దత్తాత్రి ఏదో అనబోయిండు. తండ్రే చేతితోటి ఆపిండు.

"నువ్వు పో" అన్నది యమునాబాయి పెనిమిటితోటి. "నీ వేళ్లకు నేను అడ్డం రాను. నేను మాత్రం రాను."

నాలుగు రోజులకు తండ్రీకొడుకులు మద్రాసు మెయిల్ ఎక్కిన్రు. జొన్నరొట్టెలు చేసి, పల్లికారం కట్టి ఇచ్చింది. స్టేషన్‌కు పోలే. ఆ మాపుననే బాలయ్య వచ్చి మగ్గం విప్పుకపోయిండు. మగ్గం కింద కాళ్లు పెట్టే గుంత మాత్రం అర్ర నడుమ అట్లనే మిగిలింది. దాని మీద పలక ఏసింది. అర్రలకు పోతే ఆ పలక చుట్టు తిరిగి నడిచేది, దాని మీద కాలు పెట్టకపోయేది.

ఆ చలికాలం ఆమె చుట్టిన బీడీలు కార్ఖానల మస్తు తీసేసిన్రు. వదులుగ ఉన్నయని, కొసలు సరిగ మలుపలేదని. "యమునాబాయి చుట్టినవేనా ఇవి?" అని బీడీలు ఏరి చూసే చెకర్ అడిగిండు. మద్రాసు గాలి తగిలింది గావచ్చని గంగుబాయి నవ్వించబోయింది. ఆమె నవ్వలే. ఒకనాడు నాతోటి అన్నది, "మోసం చేసినోడు పరాయోడైతే తిట్టి ఊకుంటం. వీడు చాయ్ గ్లాసు ఎట్ల పట్టుకుంటున్నడో అని పొద్దున లేవంగనే యాదికొస్తడు. ఏం చెయ్యాలె అక్కా?" ఆ కోపంల గూడ ఇంత తినేది గని నిద్ర లేదు ఆమెకు.

సంకురాత్రి దాటినంక జాబు వచ్చింది. యమునాబాయికి చదువు రాదు. గంగుబాయి తెలుగు బడిల నాలుగు తరగతులు చదివింది, ఆమె చదువుతుంటే మేము చుట్టూర కూసున్నం. జాబు దత్తాత్రి చేతిరాత, మాటలు పెంటప్పవి.

"యమునకు. మొదలు చెడ్డ రాయిస్తున్న, దత్తాత్రి వద్దంటున్నడు గని రాయమన్న. ఇక్కడ నీళ్ల లారీ తెల్లవారుజామున నాలుగింటికి వస్తది. కోడలు బిందెలు పట్టుకొని కొట్లాడాలె. గోడలకు ఉప్పు కారుతది. అంగీ పొద్దున ఏసుకుంటే పగటికి పిండుకోవాలె. సందుల తెలుగోళ్లు మూడిండ్లు, మిగిలినోళ్లంత అరవం. నువ్వు మాట్లాడకుంట ఉండలేవు, ఇక్కడ ఎవలతోటి మాట్లాడుతవు? నీకు ఆకు దొరకదు, చేతులు ఊకె పెట్టుకొని కూసోవాలె. ఇవన్ని నాకు ముందే ఎరుక, కొడుకు చెప్పిండు. నీకు చెప్పద్దన్నది నేనే."

గంగుబాయి ఆగింది. "ఇగ మంచి రాసిండు" అన్నది.

"చదువు."

"నా వేళ్లు తెరుచుకున్నయి. అంగీ గుండీ నేనే పెట్టుకుంటున్న. ఇంకో మంచి వెతికితే నాకు దొరకలే. ఇప్పుడు అడుగుతున్న. నువ్వు వద్దంటే చలి పోయినంక వచ్చేస్త, బాలయ్య తన మగ్గం మీద పని ఇస్తనన్నడు. వస్తనంటే నేనే వచ్చి తోల్కపోత. రెంటిల ఏదన్నా నాకు సమ్మతమే. తొందర లేదు, ఆలోచించుకో. జవాబు వచ్చేదాక నేను ఏం చెయ్య, ఎవలకు ఏం చెప్ప."

"ఇంత చెడ్డ చెప్పినంక ఎవలన్న పోతరా?" అన్నది గంగుబాయి, జాబు మడిచి. "ఆ లారీ కాడ అరవోళ్లతోటి నువ్వెట్ల కొట్లాడుతవు, నీకు వాళ్ల తిట్లు గూడ రావు."

అప్పుడు నవ్వింది యమునాబాయి, రెండు నెలలకు. నవ్వుకుంటనే ఏడ్చింది. తంబాకు చేతులతోటి కండ్లు తుడుచుకుంటే ఇంక మండి, ఇంక ఏడ్చింది. మేమిద్దరం కండ్లు కడిగినం.

జవాబు వెంటనే రాయించలే. వారం దినాలు తీసుకున్నది. ఈసారి ఎవలిని సలహా అడగలే, మాకు గూడ చెప్పలే. కార్ఖానాకు పోయి గుమాస్తను అడిగింది, మూడు నెలలు ఆకు తీసుకోకుంటే కార్డు ఉంటదా అని. సెలవు కోసం సుట్టి చీటీ రాసిస్తే ఉంటదన్నడు. వచ్చి గంగుబాయి ముందట కూసున్నది.

"రాయి. వచ్చి తోల్కపో. ఈ చలి మిగిలినన్ని రోజులు అక్కడుంట. ఎండాకాలం ఇద్దరం సోలాపూర్ వద్దాం, ఎండ మనకు కొత్తదా. మళ్ల చలికి మళ్ల అడుగు. ఒక్కసారి అవునన్న అని ఎల్లకాలం అవునని కాదు. ప్రతి ఏడు అడగాలె, మంచి చెడ్డ రెండూ చెప్పి అడగాలె."

పెంటప్ప వచ్చిండు. వారం తిరగకముందే వచ్చిండు. గల్లీ మొగదల నుంచే చేతులు ఎత్తి, వేళ్లు చాపి చూపెట్టుకుంట వచ్చిండు, చిన్న పోరగాని లెక్క. ఆమె గడపల నిలబడి ఆ వేళ్లనే చూసింది. "లోపటికి రా, చాయ్ పెట్టిన" అన్నది. అంతకంటే ఎక్కువ నేను వినలే, అప్పుడు మాత్రం నేనే దూరం జరిగిన.

ఆ తరువాత ప్రతి ఏడు దీవాళి పోయినంక ఆయన చాప ఏసి అడిగిండు. ఆమె వింటది, ఆలోచిస్తది, చెప్తది. ఒక ఏడు వద్దన్నది. ఎందుకో మాకు చెప్పలే, ఆయనకన్న చెప్పిందో లేదో తెల్వదు. ఆ ఏడు చలి మస్తు పడ్డది. పెంటప్ప చాయ్ గ్లాసు చేతుల నడుమ పట్టుకొని ఇక్కడనే కూసున్నడు. పోలే.

గిదీ ముచ్చట. యాది పెట్టుకోన్రి బిడ్డా. మీ ఇండ్లల్ల ఎవలన్న ముందే అన్ని చేసేసి ఉత్తగ మాటకు అడుగుతుంటే, వాళ్లను కూసోబెట్టి మా యమునాబాయి సంగతి చెప్పున్రి. నా పేరు మరిచినా సరే గని, ఆమె పేరు మాత్రం చెప్పున్రి.