ముప్పై గుర్రాల ఆశ

వి.కోట దాటి కుప్పం వెళ్ళే రోడ్డులో, అడవి మలుపు దగ్గర, ఏజెంట్ శాంతికుమార్ కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. బ్రేక్ వేసిన గుర్తు లేదు. టైరు పగల్లేదు. ఇంజన్ దానంతటదే చచ్చింది. వెనక వస్తున్న టిప్పర్ మాత్రం ఆగలేదు.

రెండు రోజుల తర్వాత, ఉదయం ఏడు గంటలకి, ఏజెంట్ ఎబినేజర్ మదనపల్లె టమాటా మార్కెట్ వెనక నిలబడి ఫోనులో ఆ యాక్సిడెంట్ ఫోటోలు చూస్తున్నాడు. మండీ ఏజెంటు మారువేషం. చొక్కా మీద టమాటా రసం, చెప్పుల కింద గుజ్జు, ముక్కు నిండా పులిసిన కంపు. థూ! డిపార్ట్‌మెంట్‌లో ఇరవై ఏళ్ళు ఊడిగం చేస్తే దక్కేది ఇదన్నమాట. శాంతికుమార్ పదేళ్ళు తనతో ఒకే జీపులో తిరిగినవాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ లక్ష్మీపతి గొంతు వినిపించింది.

"నెలలో ఇది మూడో కారు. మూడూ డీజిల్. మూడూ మనవాళ్ళవే. వెనక విదేశీ ముఠా ఉంది. దూరం నుంచే రిమోట్‌తో ఇంజన్ ఆపే ప్రోగ్రాం రాసిన అమ్మాయి హేమలత మన చేతిలో ఉంది. కార్ల దొంగతనాలు ఆపడానికని చెప్పి రాయించుకున్నారట. దాన్ని మన కార్లలోకి ఎలా ఎక్కిస్తున్నారో మాత్రం ఆమెకీ తెలియదు."

"నేనేం చెయ్యాల సార్?"

"పదకొండుకి కుప్పం కోర్టులో ఆమె స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇవ్వలేదా, కేసే లేదు. ప్రాణాలతో చేర్చు. చాందిని నీతో వస్తుంది."

డిపార్ట్‌మెంట్ డీజిల్ కారు పక్కన చాందిని నిలబడి ఉంది. ఢిల్లీ పంపిన స్పెషల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, పెదాలకు ఎర్రటి లిప్‌స్టిక్. ఆమె పూసుకున్న సెంటు, కుళ్ళిన టమాటా వాసన కలిసేసరికి ఎబినేజర్ రెండడుగులు వెనక్కి జరిగాడు.

"హార్స్లీ కొండ మీద మంచు పడుతోందా?" అంది. కోడ్ వర్డ్.

"గొడుగు మర్చిపోయినా," అన్నాడు అంతే విసుగ్గా. అదీ కోడ్ వర్డే.

వెనక సీట్లో, టార్పాలిన్ కింద, హేమలత ముడుచుకుని పడుకుంది. కారు బయలుదేరింది.

ఊరు దాటి ఎత్తు ఎక్కుతుండగా ఘోరం జరిగింది. నెత్తి దాకా ట్రేలు పేర్చుకున్న టమాటా మినీ లారీ ఒకటి హారన్ కొట్టి మరీ వాళ్ళను దాటిపోయింది.

"సిగ్గుగా లేదూ?" చాందిని నవ్వింది. "అద్దంలో చూడు. నల్ల బండి ఒకటి పది నిమిషాలుగా మన వెనకే ఉంది. రీమ్యాప్ చేయిద్దాం. పుంగనూరులో నాకు తెలిసిన ట్యూనర్ ఉన్నాడు. కేబుల్ పెట్టి, ఇంజన్ కంప్యూటర్లో కొత్త ఫైలు ఎక్కిస్తాడు. ఇరవై నిమిషాల పని. ముప్పై గుర్రాల బలం ఎక్స్‌ట్రా!"

"పులిని సూసి నక్క వాతలు పెట్టుకునిందంట. క్లచ్ పోతాది, టర్బో పోతాది, పొగ కక్కుకుంటా పోవాల."

"కుప్పం దాకా నిలిస్తే చాలు కదా?"

ఎబినేజర్ చీఫ్‌ను అడిగాడు. "చాందిని ఆలోచించే చెప్పి ఉంటుంది. చేయించు," అన్నాడు చీఫ్, రెండో మాట లేకుండా.

నల్ల బండిని తప్పించుకోవాలంటే బలం కావాలి. అది నిజమే. కానీ అసలు నిజం వేరే. ఆ మినీ లారీ దాటిపోయిన మంట ఇంకా చల్లారలేదు. నలభై ఆరేళ్ళవాడు, ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునేవాడు, టమాటా లారీతో పోటీ పడుతున్నాడు! తన మీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినా, పుంగనూరు రాగానే స్టీరింగ్ షెడ్డు వైపే తిప్పాడు.

ట్యూనర్ హరీష్ దవడ నిండా గుట్కా. గోడ నిండా వాడు ఊసిన ఎర్రటి మరకలు. కారులోకి వంగి, స్టీరింగ్ కింద కేబుల్ గుచ్చి, ల్యాప్‌టాప్‌ను ముందు సీటు మీద పెట్టి మీట నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ నల్ల బండి షెడ్డు ముందు నుంచి, వాళ్ళ వైపు చూడను కూడా చూడకుండా, కుప్పం దారిన దూసుకుపోయింది.

వెంటాడేవాడు ముందుకు పోవడమేమిటి? ఎబినేజర్‌కు అర్థం కాలేదు.

పక్క షెడ్డు గంగప్ప పాత డీజిల్ పంపుల మెకానిక్. చేతిలో పానాతో తొంగి చూసి మొహం చిట్లించాడు.

"ఏందప్పా ఇది! పాత ఫైలు తీసి దాసుకోకుండానే కొత్తది ఎక్కిస్తాండాడు?"

"యాల దాసుకోవాల?"

"ఎఫ్‌సికి, ఫిట్‌నెస్ చెకింగ్‌కి పోవాలన్నా, బండి అమ్ముకోవాలన్నా పాతది మళ్ళా ఎక్కియ్యాల గదా. ఈ పని చేసేటోడు ఎంత దొంగోడైనా ముందు అది దాసిపెడతాడు. బండి మళ్ళా వస్తాది గదప్పా!"

బండి మళ్ళీ వస్తుంది. మళ్ళీ రాదని తెలిసినవాడు ఎందుకు దాస్తాడు?

ఎబినేజర్ కారు దగ్గరికి పరుగెత్తాడు. వెనక తలుపు తీసి టార్పాలిన్ అంచు ఎత్తాడు. "అమ్మా, నువ్వు రాసిన ప్రోగ్రాం ఎక్కేటప్పుడు ఏం కనిపిస్తాది?"

"ఆకుపచ్చ గీత సార్. నూరు పడంగానే ల్యాప్‌టాప్‌లో ఉండేదంతా చెరిగిపోతాది. అట్లనే రాయమని చెప్పినారు."

గీత తొంభై ఆరు దగ్గర ఉంది. సాక్ష్యమంతా అందులోనే ఉంది. ఎబినేజర్ ముందు సీటు వైపు దూకాడు.

చాందిని లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల లిప్‌స్టిక్ లేదు, సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

"ముట్టుకోకు. మధ్యలో లాగితే ఇంజన్ కంప్యూటర్ పోతుంది. నీ బండి ఇక కదలదు."

"శాంతికుమార్‌ని ఈ షెడ్డుకి తెచ్చింది నువ్వేనా?"

"అతనికీ ముప్పై గుర్రాలు కావాల్సి వచ్చాయి," అంది చాందిని, అదేదో కాఫీ అడిగినంత తేలిగ్గా.

తొంభై ఎనిమిది. గంగప్ప పానా ఆమె మణికట్టు మీద టంగుమని పడింది. తుపాకీ పేలి గుండు పైరేకుకు తగిలింది. తొంభై తొమ్మిది. ఎబినేజర్ కేబుల్ పీకేశాడు. కారు లైట్లు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయాయి.

"బండి ఈడ సస్తే సావనీలే," అన్నాడు రొప్పుతూ. "మలుపులో సావకపోతే సాలు."

హరీష్ భయంతో గుట్కా మింగేశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పుంగనూరు పంపు మెకానిక్కు పట్టేశాడు మరి!

ఎబినేజర్ ఇద్దరినీ ల్యాప్‌టాప్‌తో సహా లోకల్ పోలీసులకు అప్పగించి, చాందిని ఫోను నుంచి ముఠాకు మెసేజ్ కొట్టాడు: 'పని అయింది. కారు బయలుదేరింది.' నల్ల బండి కాచుకునేది శాంతికుమార్ పోయిన అడవి మలుపులోనే అని అర్థమై, అక్కడికి పోలీసులను పంపమని కుప్పం స్టేషన్‌కు చెప్పాడు. ఇప్పుడు బండి కావాలి. గంగప్ప షెడ్డులో ముసలి పాలవ్యాను కనిపించింది.

"దీనికి కంప్యూటర్ ఉండాదా?"

"హారనే సక్కంగా లేదప్పా దానికి!"

విరిగిన పాల కంపులో, క్యాన్ల మధ్య ఎబినేజర్ పక్కన నక్కి కూర్చుని హేమలత ముక్కు మూసుకుంది. స్పీడు నలభై దాటని ఆ వ్యానును గంగప్ప దేవుళ్ళందరికీ మొక్కుతూ తోలాడు. అడవి మలుపులో నల్ల బండి ఆగి ఉంది. రిమోట్ పట్టుకున్నవాడు తమ కారు కోసం మెడ సాచి చూస్తున్నాడు. వ్యాను వాడి మొహం మీద గుప్పున నల్ల పొగ ఊదింది. వాడు దగ్గుతూ, తిడుతూ, "పో, పో!" అని చేత్తో దారి చూపించాడు. పావుగంటకు పోలీసులు వాణ్ణి అక్కడే, రిమోట్‌తో సహా పట్టుకున్నారు.

పదకొండుకు నాలుగు నిమిషాలుండగా హేమలత కోర్టు మెట్లెక్కింది. రెండు గంటలు చెప్పింది. ముగ్గురు చచ్చిపోయిన తీరు వింటూ మేజిస్ట్రేట్ కలం కింద పెట్టేశారు.

చీఫ్ ఫోను చేశాడు. "శభాష్ ఎబినేజర్! శాంతికుమార్ ఆత్మ శాంతిస్తుంది."

"అవును సార్."

చీఫ్ గొంతు తగ్గించాడు.

"అది సరే గానీ... ఆ ఫైల్లో ఇంజన్ ఆపే ముక్క తీసేస్తే, మిగతా ముప్పై గుర్రాలు నిజమైనవేనా? నాదీ డీజిలే. ఘాట్ ఎక్కాలంటే మరీ ఏడుస్తోంది."

ఎబినేజర్ కోర్టు గోడ పక్కకు పోయి కాండ్రించి ఉమ్మాడు.

"చాందిని మేడమ్‌నే అడగండి సార్. లాకప్‌లో ఖాళీగానే ఉండాది."