పదిహేడో గుంట

ఉదయం 9:42కి జెట్ కంట్రోల్ టవర్ తెర మీంచి మాయమైంది. 9:43కి రన్‌వే అవతలి బీడులో పొగ లేచింది. టెస్ట్ పైలట్ సీట్లోనే ప్రాణం విడిచాడు.

అది జరిగి పదకొండు రోజులు. ఈ సాయంత్రం 4:00 గంటలకు రిపోర్టు మీద కమిటీ సంతకాలు. పైలట్ జలుబు మాత్ర వేసుకుని ఆ సంగతి దాచాడనీ, మత్తులో విమానాన్ని నడిపే స్టిక్‌ను ముందుకు తోసి అలాగే ఉండిపోయాడనీ అందులో రాశారు. చనిపోయినవాడు ఎదురు చెప్పడు కాబట్టి కమిటీకి పని సులువైంది.

"మా ఇంట్లో మాత్రల షీటులో తగ్గిన ఆ ఒక్కటీ నేను వేసుకున్నానండీ," అంది పైలట్ భార్య, విమానాలు నిలిపే హాంగర్ గుమ్మంలో నిలబడి. "ఎవరికి చెప్పినా పోనీలెండమ్మా అంటున్నారు. విమానం ఎక్కేముందు మా ఆయన హెడ్ మెకానిక్ బాబాయ్‌ని అడిగితే గానీ మెట్టు మీద కాలు పెట్టేవారు కాదు. అలాంటి మనిషి మత్తులో ఎక్కుతారా? రేపు నా కూతురికి ఏం చెప్పమంటారు?"

ప్రమాదాన్ని విచారిస్తున్న ఇన్వెస్టిగేటర్ ఆ మాటలు రాసుకుంది. ఆమెను చాటుగా అందరూ ఆరా మేడమ్ అంటారు. టీ ఇస్తే పంచదార ఎవరు వేశారని అడిగే రకం. గడియారం చూసుకుంది. 1:20.

ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో శిథిలాల్లో దొరికిన ఉక్కు కడ్డీ, జానెడు పొడవు. పిడి కాలిపోయింది. 'ఫైర్ సిబ్బంది స్క్రూడ్రైవర్' అని చీటీ అంటించారు. ఎందుకంటే హాంగర్ పనిముట్లు నలభై రెండూ ట్రేలో ఉన్నాయి. కానీ ఇలాంటిది తమ దగ్గర లేనే లేదని ఫైర్ వాళ్ళు ఈ ఉదయమే చెప్పారు.

ట్రే అంటే మందపాటి నల్ల స్పాంజి. ఒక్కో పనిముట్టు ఆకారానికి ఒక్కో గుంట కోసి ఉంటుంది. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా, అందులోది దొరికేదాకా విమానం కదలకూడదు. ప్రమాదం జరిగిన గంటకే ట్రేకి సీలు వేశారు. ఆ సీలు ఇప్పుడు ఆమే విప్పింది.

జెట్‌లో చివరి పని కాక్‌పిట్ నేల పలక కింద జరిగింది. చేసినవాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కరినే పిలిచింది.

ముందు ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"పని ఎన్నింటికి అయింది?"

"ముందురోజు సాయంత్రం 5:40కి మేడమ్."

"ట్రే ఎవరు సర్దారు?"

"ఎవరి చేతిలోది వాళ్ళం పెట్టేశాం."

"సరే. వరసగా ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టు."

రెండు వేళ్ళతో టకటకా తీశాడు. పదిహేడో గుంటలోని స్క్రూడ్రైవర్ దగ్గర వేళ్ళు జారాయి. "ఇదేంటి, పట్టేసింది!" అంటూ గుంజాడు.

తర్వాత పని సరిచూసే ఇన్‌స్పెక్టర్. అవే ప్రశ్నలు, అవే జవాబులు. పదిహేడు దగ్గర అతని వేళ్ళూ జారాయి. "తేమకి ఉబ్బినట్టుంది," అని విసుక్కున్నాడు.

చివరికి హెడ్ మెకానిక్. ముప్పయ్యేళ్ళ సర్వీసు. హాంగర్ మొత్తానికీ ఆయన బాబాయ్.

"నాకు కూడా పరీక్షేనా? ఈ గుంటలన్నీ నా చేత్తో కోసినవే," అని నవ్వాడు.

మొదటి పదహారూ రెండు వేళ్ళతో తీశాడు. పదిహేడో దాని కొస మీద బొటనవేలు వేసి నొక్కాడు. పిడి పైకి లేచింది. పద్దెనిమిదోది మళ్ళీ రెండు వేళ్ళతో తీశాడు.

"చాలు బాబాయ్," అంది ఆమె. ఈ ముగ్గురిలో ఆమెకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

3:30. కమిటీ గది. ముగ్గురూ గోడ పక్కన కూర్చున్నారు. పైలట్ భార్య తలుపు దగ్గర నిలబడింది. ఆరా మేడమ్ ట్రేనూ కడ్డీనీ బల్ల మీద పెట్టింది.

"పాత పిడికి కోసిన గుంటలో కొత్త పిడి ఇరుక్కుంది. పిడి లావు వెంట్రుకవాసి తేడా. మీరంతా గుంట నిండిందని చూశారు, దేంతో నిండిందో చూడలేదు. అసలుది నేల పలక కిందే ఉండిపోయింది. జెట్ ముక్కు దించగానే జారి స్టిక్ అడుగున అడ్డం పడింది. కడ్డీ మీది నొక్కూ స్టిక్ మీది నొక్కూ కలుస్తున్నాయి. పైలట్ స్టిక్ వదల్లేదన్నారు. వదిలినా అది వెనక్కి రాదు."

"మార్చింది ఎవరు?" అన్నాడు చైర్మన్.

"అది బిగుసుకుని ఉంటుందని ముందే తెలిసిన మనిషి. ఇద్దరికి వేళ్ళు జారాయి. మూడో చెయ్యి తడబడకుండా కొస నొక్కింది."

బాబాయ్ తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"ఆ రోజు పొద్దున ఆరింటికి గుంట ఖాళీగా ఉంది," అన్నాడు మెల్లగా. "మరిచిపోయి జేబులో వేసుకెళ్ళడం నాకు అలవాటే. ఇంటికి పరుగెత్తాను. వెతికితే కనబడలేదు. ఎక్కడో ఉంటుందిలే అని కొత్తది తెచ్చి పెట్టేశాను. నా చేతి తప్పుకి టెస్ట్ ఆగిందంటే తల ఎక్కడ పెట్టుకోను అనుకున్నాను."

చైర్మన్ పెన్ను తీసి మాత్ర గురించి రాసిన పేరా మొత్తం కొట్టేశాడు. 3:52.

పైలట్ భార్య ముందుకు వచ్చింది. ఆమె కళ్ళలో కోపం లేదు, దాన్నే ఆయన భరించలేకపోయాడు.

"బాబాయ్, ఆ రోజు కూడా ఆయన మిమ్మల్ని అడిగారా?"

"అడిగాడమ్మా. లెక్క సరిపోయిందా బాబాయ్ అన్నాడు."

"మీరేమన్నారు?"

బాబాయ్ లేచి, ట్రేలో పదిహేడో గుంట మీద చెయ్యి పెట్టాడు.

"అన్నీ ఉన్నాయి, వెళ్ళిరా నాన్నా అన్నాను."