మూసినవాళ్ళకే తెలియాలి

పొద్దున్నే లాల్ భాజీ అని ఎర్ర తోటకూర అమ్మే బండి గేటు ముందు ఆగగానే పార్వతమ్మ బేరానికి దిగింది. భిలాయి నెహ్రూ నగర్‌లో ఆవిడ బేరమంటే ఆ వీధికంతా కాలక్షేపం. ఆకుకూర అమ్మే మనిషీ తక్కువది కాదు. ఇద్దరూ కాసేపు నీదా నాదా అనుకుని చివరికి ఒక ధరకి వచ్చారు. పార్వతమ్మ మొగుడి ఫోను తీసి డబ్బు పంపబోయింది. వెళ్ళలేదు. మళ్ళీ నొక్కింది. అప్పుడూ వెళ్ళలేదు.

"కల్ దే దేనా దీదీ," అని రేపటికి అరువు పెట్టి ఆమె బండి తోసుకుపోయింది.

"ఏటండీ, మీ ఫోన్లో డబ్బులు లేవేటి?" పార్వతమ్మ వరండాలోకి వచ్చి అడిగింది.

ధర్మయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకుండవు? సతీశ్‌ని చూడమను."

కొడుకు సతీశ్ ఫోను అందుకుని అటూ ఇటూ చూశాడు. మొహం మారిపోయింది. "నాన్నా, నీ ఖాతా క్లోజ్ చేసీసారంట. మెసేజ్ ఒచ్చింది."

"ఎవరు చేసీసారు?"

"బ్యాంకోళ్ళే."

"నేను చెప్పకుండా నా ఖాతా ఆళ్ళెలా మూస్తార్రా?"

అది మామూలు ఖాతా కాదు. ధర్మయ్య విజయనగరం పక్కనుంచి మీసాలు రాని వయసులో భిలాయి వచ్చి, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా ఇనుము మోసి, వెల్డింగ్ నేర్చి, సొంతానికి ఒక షెడ్డు వేసుకున్న రోజుల్లో తెరిచిన ఖాతా. సతీశ్ కంటే వయసులో పెద్దది. ప్లాంటుకు నిచ్చెనలూ జాలీలూ చేసి పంపితే వచ్చే ప్రతి బిల్లూ అందులోనే పడుతుంది. "నా కష్టం ఆ పాస్‌బుక్కుకే తెలుసు," అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

తండ్రీ కొడుకూ బ్యాంకుకు వెళ్ళారు. మేనేజరు కుర్రాడే గానీ మర్యాదస్తుడు. కూర్చోబెట్టి చల్లటి నీళ్ళు ఇప్పించాడు. సంగతి అడిగితే మాత్రం, "ఊపర్ సే ఆయా హై సర్, హమ్ కుఛ్ నహీ బతా సక్తే," అని, పైనుంచి వచ్చిన ఆర్డరు, తానేమీ చెప్పలేనని చేతులెత్తేశాడు.

"క్యా గల్తీ కియా మై?" తన తప్పేమిటని ధర్మయ్య అడిగాడు.

"గల్తీ కీ బాత్ నహీ హై సర్." తప్పు మాట కాదట.

"తో ఫిర్ క్యా బాత్ హై?"

మేనేజరు కంప్యూటరు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, ధర్మయ్య వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. ఖాతాలో ఉన్న డబ్బు పైసాతో సహా డ్రాఫ్టు రూపంలో ఇంటికే వస్తుందని హామీ ఇచ్చాడు. ఆ తర్వాత లేచి నిలబడ్డాడు. ఆఫీసరు లేచి నిలబడితే అవతలివాళ్ళు వెళ్ళిపోవాలని అర్థం, అది ఏ భాషలోనైనా ఒకటే.

డబ్బు పోలేదు, డ్రాఫ్టు ఇంటికొచ్చింది. ఈలోగా పనివాళ్ళ జీతాలు సతీశ్ తన ఖాతాలోంచి ఇచ్చాడు. పోయింది వేరే. ఇనప సామాన్ల బంగార్రాజు ఇన్నేళ్ళూ నోటిమాట మీద లారీల కొద్దీ సరుకు దింపించినవాడు. ఈసారి, "ధర్మయ్యా, ఏటీ అనుకోకు, ముందు చెల్లిస్తే బాగుంటాది," అని నవ్వాడు. పక్కనున్నవాడితో గొంతు తగ్గించి, "ఊరికే మూస్తారేటి? నిప్పు లేందే పొగ రాదు," అనడం కూడా ధర్మయ్యకు వినపడింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ధర్మయ్యకు బ్యాంకు చేసినదానికంటే ఆ నవ్వే ఎక్కువ తగిలింది.

వారం తిరిగేసరికి మాట ఊరంతా పాకింది. తెలిసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "ఎందుకు మూశారు?" తెలీదంటే ఎవరూ నమ్మరు. తెలీదన్న కొద్దీ ఇంకా గట్టిగా నమ్మరు.

ఆ సాయంత్రం సతీశ్ కూడా అదే అడిగాడు. "నాన్నా, కొడుకని కాదు, ఫ్రెండ్ అనుకుని చెప్పు. ఎవరికైనా నీ ఖాతా వాడుకోమని ఇచ్చావా? ఇక్కడ బెట్టింగులోళ్ళు జనాల ఖాతాలు అద్దెకి తీసుకుంటన్నారని రోజూ వింటన్నాం కదా."

"నన్నేనా నువ్వడుగుతున్నావు?"

"మరి బ్యాంకు ఊరికే ఎందుకు చేస్తాది? కుఛ్ తో హోగా, ఏదో ఉండే ఉంటాది. రేపు నన్నూ అడుగుతారు, నేనేటి చెప్పాలి?"

"నాకు తెలీదని చెప్పు!"

"తెలీదంటే నవ్వుతారు నాన్నా!"

ధర్మయ్య భార్య వైపు తిరిగాడు. "నువ్వూ ఇలాగే అనుకుంటన్నావా, పారొతీ?"

 పార్వతమ్మ చీర కొంగు చేతికి చుట్టుకుని, విప్పి, "నేనేటి అనుకోలేదండీ," అంది. ఆ కాస్త ఆలస్యం చాలు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా తన మీద అనుమానం వచ్చిందని ధర్మయ్యకు అర్థమైంది.

"నేనేటి చేసానో చెప్పాలా ఒద్దా?" అని అరిచాడు.  "దొంగోడికైనా ఏటి దొంగిలించావో చెప్పి లోపలేస్తారు! చెప్పకుండా తలుపేసేస్తే మనిషన్నోడు ఎక్కడికెళ్ళి అడుగుతాడు?"

పార్వతమ్మ తల దించుకుంది. "రత్నం కూడా ఇదే మాటన్నాడు. ఈ గుమ్మంలోనే నిలబడి."

 ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఏళ్ళయింది.

వెంకటరత్నం ధర్మయ్యకు తమ్ముడు. పార్వతమ్మ కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లేసుకునే పిల్లాడు. ఆవిడ చేతి ముద్ద తిని పెరిగాడు. అన్న పక్కన వెల్డింగ్ నేర్చాడు, షెడ్డు ఇద్దరూ కలిసి నిలబెట్టారు. అలాంటిది, ఒక ఏడు షెడ్డులో విశ్వకర్మ పూజ అయిన మర్నాడు ధర్మయ్య షెడ్డుకు తాళం మార్పించి, తమ్ముణ్ణి లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పాడు. రత్నం సాయంత్రం దాకా గేటు బయట నిలబడి, తర్వాత ఇంటికి వచ్చాడు. "అన్నియ్యా, నేనేటి చేసాను? దొంగోడికైనా చెప్తారు కదా," అన్నాడు. ధర్మయ్య, "ఏటీ లేదు, ఎల్లు," అని తలుపు వేసేశాడు. పార్వతమ్మ ఏడ్చి అడిగింది, తిండి మానేసి అడిగింది. ఆవిడకీ చెప్పలేదు.

ఆయన చెప్పనిది ఊరు చెప్పింది. సొంత అన్నే గెంటేశాడంటే ఏదో తినేసే ఉంటాడంది. దాంతో రత్నానికి విడిగా ఒక్క కాంట్రాక్టు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఆ మాటలు ధర్మయ్య చెవిన పడుతూనే ఉండేవి. కాదని ఆయన ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న ధర్మయ్య ఎవరికీ చెప్పకుండా స్కూటరు తీసి తమ్ముడుండే చరోదా వెళ్ళాడు.

రత్నం భార్య హరితకు రైల్వేలో ఉద్యోగం. వాళ్ళుండేది ఆమెకిచ్చిన క్వార్టర్లో. రత్నం వేరే ఎవరి షెడ్డులోనో రోజుకూలీకి వెల్డింగ్ చేస్తున్నాడు. తలుపు తీసి అన్నను చూసి అలాగే నిలబడిపోయాడు. తల ముందు సగం నెరిసింది. ధర్మయ్య మనసులో అతనింకా నల్లజుట్టు కుర్రాడే.

"రండి బావగారూ," అని లోపల్నుంచి హరితే అంది. వంటింట్లో కుక్కరు కూత పెడుతోంది.

ధర్మయ్య కుర్చీలో కూర్చున్నాడు.  "నా సంగతి విన్నావా?"

"విన్నాను."

"అందరూ అడుగుతున్నారు. నువ్వడగవేట్రా, ఎందుకు మూశారని?"

రత్నం కిటికీ వైపు చూశాడు. "మూయించుకున్నోడ్ని అడిగితే ఏటి తెలుస్తాది అన్నియ్యా? మూసినోడికే తెలియాలి."

అందులో కోపం లేదు. ఉంటే ధర్మయ్యకు తేలికయ్యేది. ఇన్నాళ్ళూ తెలీదన్న మాటను ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. నమ్మినవాడు వీడొక్కడే. ఎందుకు నమ్మాడో అర్థమై ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"చెప్తాన్రా," అన్నాడు. "ఆ రోజు పూజకి నేను ప్లాంటు గేటు కాడికెళ్ళి లేటుగా ఒచ్చాను. డ్రమ్ముల ఎనకాల ఉన్నాను. నువ్వు కుర్రాళ్ళతో అంటన్నావు. భయ్యా కా హిస్సా నికాల్ దో అని. నా చెవుల్తో విని అట్నుంచటే ఎల్లిపోయాను."

రత్నం తిరిగి చూశాడు. "దానికేటి?"

"అప్పటికే నువ్వు వేరే షెడ్డు పెడతావని నలుగురూ నా చెవిలో ఊదుతున్నారు. ప్లాంటు సాబులందరూ నీతోనే నవ్వుతూ మాట్లాడేవోళ్ళు. నా వాటా తీసేయిస్తున్నావనుకున్నాను. నాకు ఆ మాటకి ఒకటే అర్థం రా. కూలీగా ఉన్నప్పుడు గేటు కాడ రోజూ వినేవోణ్ణి, ఇస్కో నికాల్ దో, ఈణ్ణి గెంటీండి అని. నన్ను గెంటేస్తారని, నేనే ముందు నిన్ను..."

మాట పూర్తి కాలేదు. 

"పూరీలన్నియ్యా," అన్నాడు రత్నం.

"ఏటి?"

"పూరీలు, గుమ్మడికాయ కూర, బూందీ. కుర్రాళ్ళు కరువులో ఉన్నట్టు తినేస్తన్నారు. నువ్వింకా రాలేదు, నీకు మిగలదేమోనని భయమేసింది. భయ్యా కా హిస్సా నికాల్ దో అన్నాను. నీకు తీసి పక్కన పెట్టమని. స్టీలు డబ్బాలో పెట్టించి, మూత మీద బరువు కూడా పెట్టాను. నువ్వు రాలేదు. మర్నాడు తీసుకెళ్దామని ఒస్తే తాళం మార్చీసున్నావు."

"నీకింత బాగా గుర్తుందేట్రా?" అన్నాడు ధర్మయ్య.

"ఎలా మర్చిపోతాను? ఎక్కడ తప్పు చేసానో దొరుకుతాదేమోనని ఆ ఒక్క రోజునే ఎన్నిసార్లు తిరగేసుకున్నానో. ఏ మాటన్నాను, ఎవరితో నవ్వాను, ఏ పని మర్చిపోయాను. అన్నీ ఎతికాను. ఇదొక్కటీ ఎతకలేదు. నీకు అన్నం తీసి పెట్టడం తప్పవుతాదని నాకెలా తెలుస్తాది?"

ధర్మయ్య కుర్చీలోంచి జారి తమ్ముడి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. చేతులు మొహాన కప్పుకుని పిల్లాడిలా ఏడ్చాడు. ఒక ముద్ద కోసం, ఒక్క మాట సరిగ్గా వినకపోయినందుకు, తన చేతుల్తో పెంచినవాణ్ణి ఊరి నోట్లో వేశాడు. బ్యాంకు తనకు కనీసం డబ్బు తిరిగిచ్చింది. తను తమ్ముడికి ఏమీ తిరిగివ్వలేడు.

"క్షమించరా," అన్నాడు.

"ఒక్క మాట అడిగుంటే సరిపోయేది అన్నియ్యా." రత్నం కళ్ళు తుడుచుకున్నాడు. క్షమించాననలేదు. ఒంగి, అన్న చంకల కింద చేతులు వేసి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత వంటింటి వైపు తిరిగాడు.

"హరితా, భయ్యా కా భీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ధర్మయ్య తలెత్తి చూశాడు.

"అన్నియ్య తింటాడు," అన్నాడు రత్నం, ఈసారి తెలుగులో, ఒక్కో మాటా విడివిడిగా. "కంచం పెట్టు."