పెద్దబండికి తలంటు

ఆ మధ్యాహ్నం పని మొదలుపెట్టేసరికి సలోమి దగ్గర ఉన్న సరుకు ఇదీ: ఒక పాత పంచె ముక్క, బకెట్టుడు కాలవ నీళ్ళు, చెంబెడు కొబ్బరినూనె. వీటితో పాటు నాన్న ఇచ్చిన మాట ఒకటి. సరుకంతటి కన్నా ఆ మాటే విలువైనది.

"మీ ఇద్దరిలో ఎవరి పని ఎక్కువ మెరిస్తే, రేపు వాళ్ళు నా పక్కన ముందు సీట్లో కూర్చోవచ్చు. రాజోలు దాకా హారన్ కొట్టే పని వాళ్ళదే," అన్నాడు నాన్న సాలమోను.

మర్నాడు సుందరి అత్త పెళ్ళి. సుందరి సాలమోనుకి ఆఖరి చెల్లెలు. ఆమెను తమ ఊరు నగరం నుంచి రాజోలు చర్చికి పెద్దబండిలో తీసుకెళ్ళాలి.

ఆ బండికి పెద్దబండి అని పేరు పెట్టింది ఊళ్ళోవాళ్ళు. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన స్టేషన్ వాగన్ అది. కొబ్బరికాయల వ్యాపారి సాలమోను దాన్ని కొన్న రోజున ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు, లోపల ఇనప బల్లలు. "ఇందులో ఎక్కితే యుద్ధానికే వెళ్ళాలి," అని అందరూ నవ్వారు. సాలమోను ఆ నవ్వుల్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒక వేసవిలో నీలం రంగు వేయించాడు. ఇంకో వేసవిలో ఇనప బల్లలు పీకించి, టేకు చెక్కతో సీట్లు చేయించాడు. వాటిలో కొబ్బరి పీచు కూరించి, పైన ఎర్ర రెక్సిను కుట్టించాడు. ముందు సీటు మాత్రం బండితో వచ్చిన తోలు సీటే. వాన జల్లు కొట్టకుండా పక్కలకి కాన్వాసు తెరలు కట్టించాడు. ఇప్పుడది వారమంతా కాయలు మోస్తుంది, ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి మోస్తుంది.

బయటి పని అన్నయ్య ప్రభాకరరావుకి వచ్చింది. చక్రాలు కడగాలి, అద్దాలు తుడవాలి, ఇత్తడి హారన్‌కి చింతపండు పెట్టి తోమాలి. లోపలి పని సలోమిది.

"చెక్కకి నూనె గుడ్డతో ఒక్కసారి రుద్దు. సీట్లు తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడు. అంతే," అని చెప్పి నాన్న కాయల కొట్టుకి వెళ్ళాడు.

సలోమి చెక్కకి నూనె రుద్దింది. రుద్దిన చోటల్లా టేకు తేనెరంగులో తళతళలాడింది. సీట్లు తడిగుడ్డతో తుడిచింది. అవి శుభ్రపడ్డాయి కానీ మెరవలేదు.

బయట ప్రభాకరరావు హారన్ తోముతూ పాట పాడుతున్నాడు. ఆ ఇత్తడి అప్పుడే బంగారంలా ఉంది.

"చూసేవా? రేపు నేను కొడతాను, నువ్వు వెనక కూర్చుని వింటావు," అన్నాడు.

సలోమి చెంబు వైపు చూసింది. జుట్టుకి కొబ్బరినూనె. దెబ్బ తగిలితే కొబ్బరినూనె. తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె. చెక్కకి పనికొచ్చింది రెక్సినుకి ఎందుకు పనికిరాదు?

చారెడు తీసి రాసింది. సీటు నిగనిగలాడింది! ఇంకో చారెడు రాసింది. చెంబు ఖాళీ అయ్యేసరికి వెనక సీట్లన్నీ ఎర్ర అద్దాల్లా ఉన్నాయి. ముందు సీటుకీ రాద్దామనుకుంది కానీ అక్కడ ప్రభాకరరావు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "ఇది నా హద్దు," అని రానివ్వలేదు.

సాయంత్రం నాన్న వచ్చాడు. దారిన పోతున్న ఊరివాడు వీరన్న కూడా ఆగి లోపలికి తొంగి చూశాడు.

"ఏవండోయ్ సాలమోను గారూ! పెళ్ళి మీ చెల్లెమ్మగారికా, బండికాండీ?"

"మా అమ్మాయి పనండి," అన్నాడు నాన్న గర్వంగా. "హారన్ నీదేనే సలోమీ."

"చింతపండుతో తోమి తోమి నా వేళ్ళు పులుసైపోయేయి. ఎవరికీ లెక్కలేదు," అని గొణిగాడు ప్రభాకరరావు.

సలోమి గెంతుకుంటూ ఇంట్లోకి పరిగెత్తింది. అమ్మ మార్తమ్మ ఆమెను వెనక నుంచి పట్టుకుని ఆపింది.

"పరికిణీ వెనక ఆ మరకేమిటే? ఎక్కడ కూర్చున్నావు?"

సలోమికి గుర్తొచ్చింది. తన పని ఎలా ఉందో చూసుకుందామని ఇందాక సీట్లో కూర్చుంది.

"ఏమో అమ్మా," అంది.

మెల్లిగా బండి దగ్గరికి వెళ్ళి, పొడిగుడ్డతో సీట్లన్నీ తుడిచింది. చేత్తో తడిమితే పొడిగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని, జేబురుమాలు పరిచి దాని మీద కూర్చుని లేచింది. రుమాలు మీద నూనె గీత! పైన తుడిచిన నూనె పోయింది. కుట్లలోంచి దిగి పీచు తాగిన నూనె పోలేదు. బరువు పడగానే పైకి వస్తోంది.

సలోమి లెక్క వేసుకుంది. చెబితే హారన్ పోతుంది, తిట్లు పడతాయి. చెప్పకపోతే హారన్ ఉంటుంది. తెల్లారేసరికి నూనె ఇంకిపోతుందేమో కూడా! ఈ లెక్క బాగానే ఉందనిపించింది.

అలా అనుకుంటూ లోపలికి వస్తే, గదిలో అమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అత్త పెళ్ళిచీర ఇస్త్రీ చేస్తోంది. తెల్ల పట్టుచీర. మద్రాసు నుంచి తెప్పించింది. పాలనురగలా మంచమంతా పరుచుకుని ఉంది.

"దూరంగా ఉండే! దీని మీద నీళ్ళచుక్క పడినా మచ్చ కనిపిస్తుందిట," అంది సుందరి అత్త. అంతలోనే నవ్వింది. "బండి అద్దంలా తుడిచేవట కదా? దారంతా దుమ్మేమో, చీర ఏమైపోతుందో అని నాకు ఒకటే బెంగగా ఉండేది. ఇంక లేదులే."

సలోమి ఇందాక వేసిన లెక్కలో ఈ చీర లేదు.

ఆమె వీధి అరుగు మీదికి వెళ్ళింది. నాన్న లాంతరు వెలిగిస్తున్నాడు.

"నాన్నగారూ, నాకు హారన్ వద్దండి."

"ఏం?"

"సీట్లకి నూనె రాసేనండి."

"ఎంత?"

"చెంబెడూ."

నాన్న చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. "ఎప్పుడు తెలిసింది నీకు అది అంటుకుంటుందని?"

"అమ్మ నా పరికిణీ మరక చూసినప్పుడండి."

"అప్పటికింకా పొద్దుంది. అప్పుడే చెప్పుంటే కాస్త ఎండా, వెలుగూ మిగిలేవి మనకి. ఇప్పుడు లాంతరుతో చెయ్యాలి," అన్నాడు నాన్న. ఇంకో పుల్ల గీసి లాంతరు వెలిగించి, బండి వైపు నడిచాడు. అరిచి ఉంటేనే బాగుండేదనిపించింది సలోమికి.

అందరూ బండి చుట్టూ చేరారు. "దుప్పటి పరిచేద్దాం," అంది మామ్మ. పరిచి చూస్తే నూనె దుప్పటిలోంచి కూడా వచ్చింది. "చాప వేద్దామండి," అంది అమ్మ. చాప పుల్ల తగిలితే పట్టుచీర పోగు లేచిపోతుందన్నాడు నాన్న.

"అమ్మా," అంది సలోమి నెమ్మదిగా. "తలంటు పోసుకుంటే మన తలకున్న నూనె దేనితో పోతుంది?"

ప్రభాకరరావు పకపకా నవ్వాడు. "బండికి తలంటా!"

"నవ్వకురా. మాట బాగానే ఉంది," అన్నాడు నాన్న. "పెళ్ళికూతురికి ఆడించిన సున్నిపిండి ఉంది కదా, తీసుకురా మార్తా. పసుపు కలపనిది చూసి తే."

పిండి కుట్ల మీద చల్లి, అరచేత్తో రుద్ది, దులిపి, మళ్ళీ చల్లారు. నూనె తాగిన పిండి ఉండలు ఉండలుగా రాలింది. నవ్విన ప్రభాకరరావు కూడా ఓ సీటు పట్టాడు.

"నాకు కాస్త మిగల్చండర్రా! పెళ్ళికూతుర్ని నేను!" అని కిటికీలోంచి కేకేసింది సుందరి అత్త.

ఆఖరుకి తెల్ల పంచె పరిచి, దాని మీద ప్రభాకరరావుని కూర్చోబెట్టి లేపారు. పంచె తెల్లగానే ఉంది. "స్తోత్రం," అంది మామ్మ. అంతా చలికి ముడుచుకుంటూ లోపలికి నడిచారు. డిసెంబరు నెల, మంచు అప్పుడే దిగుతోంది.

"నేను మాట ఇస్తే వెనక్కి తీసుకోను. సీట్లు బాగుపడ్డాయి కనక హారన్ నీదే," అన్నాడు నాన్న.

పొద్దున్నే తెల్ల కొత్త గౌను వేసుకుని సలోమి ముందు సీట్లో కూర్చుంది. కుడిచేతి కింద హారన్ రబ్బరు బుడ్డి మెత్తగా ఉంది. బండి వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. చుట్టాలు గోల గోలగా మాట్లాడుకుంటున్నారు. "ఫాదరుగారు వచ్చేసి ఉంటారు. తొందరగా కానివ్వండమ్మా!" అంటున్నాడు నాన్న.

అరుగు మీద అమ్మ తలనూనె సీసా పెట్టి ఉంది. చలికాలం పొద్దున్నే నూనె తెల్లగా గడ్డకట్టుకుపోతుంది, అందుకే అమ్మ దాన్ని ఎండలో పెడుతుంది. సలోమి ఊరికే అటు చూసింది. సీసాలో సగం తెల్లగా ఉంది. సగం నీళ్ళలా కరిగిపోయి ఉంది.

సలోమి చూపు వెనక సీట్ల వైపు తిరిగింది. రాత్రి చలి. ఇప్పుడు ఎండ.

సుందరి అత్త అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వెనక మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"ఆగత్తా! కూర్చోవద్దు!"

అందరూ తిరిగి చూశారు. సలోమి కిందికి దూకి, అత్త పక్కనుంచి లోపలికి దూరి, అత్త కూర్చోవలసిన చోట తను కూర్చుంది. గట్టిగా అదిమి కూర్చుంది. దిగి, అందరి ముందూ వెనక్కి తిరిగి నిలబడింది.

కొత్త గౌను వెనక అడ్డంగా నూనె గీత.

"అయ్యో, కొత్త గౌనే!" అంది అమ్మ.

"రాత్రి నేను కూర్చుంటే రాలేదే!" అన్నాడు ప్రభాకరరావు.

"రాత్రి చలికి లోపల గడ్డకట్టింది అన్నయ్యా. ఇప్పుడు ఎండకి కరిగింది."

సుందరి అత్త తన చీర వైపు చూసుకుంది. గౌను మీది గీత వైపు చూసింది. సలోమి తలని దగ్గరికి తీసుకుంది, కానీ చీరకి తగలనివ్వకుండా జాగ్రత్తగా.

"ఇంకేం చేస్తాం? నూనె తగలనిది ముందు సీటు ఒక్కటే. అమ్మడూ, నువ్వు ముందు కూర్చో," అన్నాడు నాన్న చెల్లెలితో. "సలోమీ, నువ్వు..."

"నేను ఇక్కడే కూర్చుంటానండి. నా గౌను ఎలాగూ అయిపోయింది కదండి."

ముదురు రంగు చీరలవాళ్ళు వెనక ఎక్కారు. బండి కదిలింది. కాలవ గట్టు మీద గేదెలు అడ్డం వచ్చాయి.

"కొట్టు అత్తా!" అని అరిచాడు ప్రభాకరరావు.

"పెళ్ళికూతురు హారన్ కొట్టడమేమిట్రా, నలుగురూ నవ్వరూ?" అంది మామ్మ.

"గేదెలకేం తెలుసు మామ్మా, పెళ్ళికూతురని?" అంది సలోమి.

సుందరి అత్త ముసుగు సర్దుకుని, రెండు చేతులతో బుడ్డి నొక్కింది. పాం! పాం! గేదెలు తప్పుకున్నాయి. పడవల్లోవాళ్ళు లేచి నిలబడి చూశారు. అత్తకి సరదా పుట్టింది. గేదెలు లేని చోట కూడా కొట్టింది. రాజోలు వెళ్ళేదాకా మామ్మ చెవులు మూసుకునే ఉంది. సలోమి మాత్రం ప్రతి మోతకీ నవ్వుతూనే ఉంది.

చర్చి మెట్ల మీద అత్త చీర పాలనురగలా మెరిసింది. ఎవరూ దాని వైపు రెండోసారి పరీక్షగా చూడలేదు. చూడవలసిన పని లేకపోయింది.

భోజనాల వేళకి బండి ఎండలో కాగుతోంది. అంటే నూనె బయటికి వస్తుందన్నమాట. సలోమి ఆ మాట చెప్పగానే ప్రభాకరరావు కూడా విస్తరి ముందు నుంచి తొందరగా లేచాడు. పెళ్ళివారి వంటవాళ్ళ దగ్గర శనగపిండి అడిగి తెచ్చుకుని, ఇద్దరూ కుట్టు కుట్టూ నొక్కి, తుడిచి, మళ్ళీ నొక్కారు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో పెళ్ళికొడుకు తరపు పెద్దావిడ ఒకావిడ దారిలో దిగిపోతానని వచ్చింది. ఆవిడ కట్టుకున్నది మీగడ రంగు చీర. పొద్దుటి సంగతి అప్పటికే పెళ్ళిలో అందరికీ తెలిసిపోయింది. ఆవిడ మెట్టు దగ్గర ఆగిపోయింది.

"కూర్చోవచ్చాండీ?" అని సాలమోనుని అడిగింది.

"మా అమ్మాయిని అడగండి," అన్నాడు సాలమోను.

సలోమి సీటంతా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళి, ఆఖరి కుట్టు దగ్గర ఆగింది. వేలు చూసుకుంది.

"ఈ మూలకి వద్దండి, ఇంకా కొంచెం ఉంది. ఇక్కడ నేను కూర్చుంటాను. మిగతా అంతా బాగానే ఉందండి. ఆయ్, కూర్చోండి."

ఆ రోజు లెక్క ఇదీ. పోయినవి: చెంబెడు కొబ్బరినూనె, పెళ్ళికూతురి సున్నిపిండిలో సగం, ఒక కొత్త గౌను, రాజోలు దాకా ముందు సీటు. వచ్చింది ఒక్కటే. ఆ పెద్దావిడ సీటు చేత్తో తడిమి చూసుకోకుండానే, సలోమి చూపించిన చోట హాయిగా కూర్చుంది.