తొమ్మిదో ప్రశ్నకు జవాబు

"నువ్వు దొంగిలించాల్సింది ఒక అభిప్రాయం" అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఖాదర్ బాషా నవ్వలేదు. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో పదకొండేళ్లు పనిచేసినవాడు చీఫ్ మాటలకి నవ్వడు. 1989 మార్చి నెల. మద్రాసులో, ఎగుమతుల కంపెనీ బోర్డు వెనక దాక్కున్న ఆఫీసు. బల్ల మీద అరచేతికన్నా కాస్త పొడవైన నల్లటి రేడియో ఉంది.

"ఎక్స్-20. వైడ్‌బ్యాండ్ రిసీవర్. గాలిలో ఏ సిగ్నల్ ఉన్నా పట్టేస్తుంది. విమానాలు, పోలీసు వైర్‌లెస్, వాకీటాకీలు, అన్నీ. వినడమే. మాట్లాడటానికి లేదు."

నెల క్రితం ఒక విదేశీ కంపెనీ ఈ సెట్లను నెల్లూరు జిల్లా పడమటి ఊళ్లలో ఎనిమిదిమంది రేడియో హాబీవాళ్లకి ఉచితంగా పంచింది. వాడి చూసి అభిప్రాయం రాస్తే చాలంది. ఫారంలో తొమ్మిది ప్రశ్నలు. బ్యాటరీ ఎలా ఉంది, స్పీకర్ ఎలా ఉంది లాంటివి ఎనిమిది. తొమ్మిదోది మాత్రం వేరు. 'మీకు తెలియని సిగ్నళ్లు ఏవి వినిపించాయి? ఏ ఫ్రీక్వెన్సీలో? ఏ రోజు, ఎన్ని గంటలకు?'

తీరంలోని పరీక్షా కేంద్రంలో గురువారం క్షిపణి ప్రయోగం ఉంది. క్షిపణి దారి తప్పితే గాలిలోనే పేల్చేసే కమాండ్ సిగ్నల్ ఫ్రీక్వెన్సీని రిహార్సల్స్‌లో రోజూ మారుస్తున్నారు. ఆ మార్పుల వరస శత్రువు చేతికి చిక్కితే క్షిపణిని నేలమీదే పేల్చేస్తాడు. చుట్టూ రెండు వందలమంది పనిచేస్తుంటారు.

"అంత దూరం నుంచి ఆ సిగ్నల్ అందేది ఉదయగిరి కొండమీదే. అక్కడ మదార్ సాహెబ్ అనే ఆయన ఉన్నాడు. చెక్క చెంచాలు చెక్కుతాడు. ఆయన ఫారం నీకు కావాలి."

"మిగతా ఫారాలు?"

"ఆదివారం ఆత్మకూరు లాడ్జిలో మీటింగ్ పెట్టి లిదియా తీసుకుంటుంది."

ఖాదర్ తలెత్తాడు. లిదియా ఆ కంపెనీ సేల్స్ ఆఫీసర్. నల్ల కళ్లజోడు, షిఫాన్ చీర, మూడు భాషల్లో నవ్వగలిగిన మనిషి. ముఠాలో ఆమె మారుపేరు 'నర్స్'. రెండేళ్లుగా డబుల్ ఏజెంట్. ఆమెని ఒప్పించి ఇటువైపు తెచ్చింది ఖాదరే. ఆ కంపెనీ ముసుగులో పనిచేసే గూఢచారి ముఠా నాయకుడు 'డాక్టర్' ఫారాల కోసం స్వయంగా వస్తున్నాడు. వాడి ముఖం ఎవరికీ తెలియదు. ఆమె కళ్లజోడులోని కెమెరాకి వాడు చిక్కేదాకా పోలీసులు ఆ దరిదాపుల్లో ఉండకూడదని చీఫ్ ఆర్డర్.

"ఆమె ఒంటరిగానా సార్?"

"మనకున్నది నువ్వొక్కడివే. నువ్వు కొండమీద ఉంటావు."

ఆదివారం పదకొండు గంటలకి, చెంచాల వ్యాపారి వేషంలో ఖాదర్ ఉదయగిరి దుర్గం మీద కూలిన బురుజు నీడలో కూర్చుని ఉన్నాడు. ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. పక్కన మదార్ సాహెబ్. అరవై దాటినా ఆయాసం లేదు. తన ఎక్స్-20కి, చెంచాలు చెక్కే నర్ది కర్రతోనే గూడు చెక్కుకున్నాడు. మూత మీద సన్నటి తీగ, ఆకులు.

మీటింగుకి పోకుండా, కొండమీద ఇంకోసారి వినిచూసి సాయంత్రం బస్సుకి ఫారం పంపాలని ఆయన ఉద్దేశం. తోటివాళ్ల అభిప్రాయాలు కూడా దారి పొడుగునా చెప్పాడు. దుత్తలూరు మాస్టారు చెంచయ్యకి మీటలు మరీ చిన్నవట, ఒకటి నొక్కితే మూడు పడుతున్నాయట. వింజమూరు సినిమాహాలు ఆపరేటర్ వెంగయ్య మాత్రం, మేక ఆకు మేసినట్టు ఇది బ్యాటరీలు మేస్తోందని రాశాడట.

"మరి మీ అభిప్రాయం చాచా?"

మదార్ సాహెబ్ ఫారం ఇచ్చాడు. తొమ్మిదో ప్రశ్న కింద పేజీ నిండా ముత్యాల్లాంటి అంకెలు. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ. పద్దెనిమిది రోజులు, ఒక్కటి తప్పకుండా. ఖాదర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిషన్ అయిపోయిందనుకున్నాడు.

"ఉండు బేటా. ఏందో మాట్లాడతాండారు" అని ముసలాయన వాల్యూమ్ పెంచాడు.

రెండు గొంతులు. ఆత్మకూరు నుంచి, వాకీటాకీల మీద.

"నర్స్ మనల్ని అమ్మేసింది. కళ్లజోడులో కెమెరా ఉంది" అందొక గొంతు, ప్రశాంతంగా.

"ఎవరు డాక్టర్ గారూ?"

"నీలం చీర. మెట్లు దిగగానే నోరు మూసి కారులో వెయ్యి. సోమశిల దగ్గర నీళ్లు లోతు."

ఖాదర్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తనకే తెలియలేదు. జేబులో సిగరెట్ పెట్టెంత ట్రాన్స్‌మిటర్ ఉంది. అది అరమైలు దాటదు. జీపు కొండకింద ఉంది. దిగడానికి రెండు గంటలు. ఫోన్ చేద్దామన్నా ఉదయగిరి పోస్టాఫీసు ఆదివారం మూత. ఆ రేడియోలోకి ఎంత అరిచినా ఆత్మకూరులో ఒక్క చెవికీ వినపడదు.

"మీటింగ్ అయిపోయింది. ఒక్కొక్కరే దిగుతున్నారు" అన్నాడు రెండోవాడు.

"ఎవురు బేటా ఆ పిల్ల?" అని అడిగాడు మదార్ సాహెబ్.

వ్యాపారి వేషం నిలబెట్టుకోవాలని కూడా అనిపించలేదు ఖాదర్‌కి. "నేను పంపిన పిల్ల చాచా. ఏం కాదని నేనే చెప్పినాను."

ముసలాయన సెట్టుమీదికి వంగాడు. ఏరియల్ కాస్త వంచి, సిగ్నల్ చెదరకుండా అలాగే పట్టుకున్నాడు. ఆయన చెయ్యగలిగింది అదొక్కటే. ఖాదర్‌కి అదీ లేదు.

"నీలం చీర కనిపించింది. పై మెట్టు మీద ఉంది."

"కారు తలుపు తియ్యి."

ఖాదర్ కళ్లు మూసుకున్నాడు. వినకుండా ఉండొచ్చు. మీట తిప్పేస్తే చాలు. తిప్పలేకపోయాడు.

"డాక్టర్ గారూ... కిందికి దిగినోళ్లు పోవడంలా. అందరూ నన్నే చూస్తా ఉండారు. చెవుల్లో ఏందో పెట్టుకొని..."

తరువాత గరగర. ఎవరో పడిన చప్పుడు. ఒక ఆడగొంతు అరిచి ఆగిపోయింది. ఆ పైన నిశ్శబ్దం. ఖాదర్ లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు. నలభై రెండు సెకన్లు.

"ఉదయగిరి మదార్ సాహెబూ, వినపడతాండాదా?" అందొక కొత్త గొంతు. "దుత్తలూరు చెంచయ్యను మాట్లాడతాండాను. వీళ్ల సెట్టు లాక్కొని దీంట్లోనే చెప్తాండా. నువ్వెట్టా జవాబు చెప్పలేవులే. మీటింగులో కూర్చోని అందురం సెట్లు తిప్పతానే ఉండాం, వీళ్ల మాటలు ఎనిమిది... కాదు, ఏడు సెట్లలో వినపడినాయి. ఇద్దురినీ పట్టుకున్నాం. ఆయమ్మకి చెయ్యి ఇరిగింది. పానానికి ఏం భయం లేదు. పోలీసులకి మనిషి పోయినాడు."

ఖాదర్ రాతిమీద కూలబడ్డాడు.  మదార్ సాహెబ్ సీసాలో నీళ్లిచ్చాడు.

కిందికి దిగేటప్పుడు ఖాదర్ నిజం చెప్పాడు. సెట్లన్నీ స్వాధీనం చేసుకోవాలి, ఆర్డర్ అలా ఉంది. ముసలాయన చెక్క గూటిలోంచి రేడియో తీసి ఇచ్చాడు. గూడు తన దగ్గరే ఉంచుకున్నాడు.

"చెడ్డోళ్లు ఇచ్చినా మంచి సెట్టు బేటా" అన్నాడు. "అది గూడా రాసుకో."

ఖాదర్ సెట్టుని జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆత్మకూరు ఆసుపత్రిలో లిదియా పక్కన కూర్చున్నాడు. "ఆ టైములో నువ్వెక్కడున్నావు?" అని ఆమె అడిగింది. "నీ గురించే రేడియోలో వింటూ ఉన్నాను" అన్నాడు. ఆమె ముఖం అటు తిప్పుకుంది.

గురువారం క్షిపణి సరిగ్గా వెళ్లింది. శుక్రవారం ఖాదర్ రిపోర్టులో 'ఏజెంట్ తీసుకున్న చర్య' అన్నచోట 'కొండమీద కూర్చున్నాను' అని రాసి ఇచ్చాడు.

చీఫ్ ఆ వాక్యం కొట్టేసి, పైన ఎర్ర ఇంకుతో దిద్దాడు: 'ఎత్తయిన స్థానం నుంచి ఆపరేషన్‌ను స్వయంగా పర్యవేక్షించారు.'