రెండూ ఆకుపచ్చే

వీధి అవతలి ఇంట్లో దాచిన సాక్షికి కాపలా ఉన్న మనిషిని పొద్దున బస్టాపులో కాల్చి చంపారు. కొత్త కాపలా చీకటి పడ్డాకే వస్తుంది. అంతదాకా సాక్షికి దిక్కు గేటు మీది కెమెరా ఒక్కటే. అందులో కొత్త ముఖం కనిపిస్తే మలుపులో ఆగి ఉన్న పోలీసు వ్యాను కదులుతుంది.

ఏజెంటు ఈ సంగతి సోల్డరింగ్ ఐరన్ పిడిలోంచి విన్నాడు. రేడియో అందులోనే ఉంది.

"విదేశీ ముఠా గుట్టంతా ఆ సాక్షి రేపు కోర్టులో విప్పుతాడు. ఈ సాయంత్రం గడవాలి," అన్నాడు చీఫ్. "నీ దగ్గరికి ఒకావిడ వస్తుంది. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. కోడ్ చెబితే అడిగింది చేసిపెట్టు."

"నా గదికా సార్?"

"ఏం, సిగ్గా?"

ఏజెంటు ఐరన్ కింద పెట్టేశాడు. తెల్లరంగేసిన జుట్టు, వంగిన నడుము, లేజర్లతో గోడ మీద బొమ్మలు గీసుకునే పిచ్చి. ఇదీ అతని వేషం. తలుపు వేసుకున్నాక మొదటి రెండూ వదిలేసేవాడు. మూడోది వదల్లేదు. ఎరుపు, ఆకుపచ్చ కిరణాలు కలిపి గోడ మీద పువ్వు గీశాడు. చూడటానికి ఎవరూ రాలేదు. రెండో కుర్చీ మాత్రం కొని ఉంచాడు.

ఆవిడ సాయంత్రం వచ్చింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో పెట్టె.

"వానకి తాళం బిగుసుకుపోయింది."

"నూనె నా దగ్గరుంది."

ఆవిడ రెండో కుర్చీలో కూర్చుంది. గోడ వైపు చూసింది.

"ఆ పువ్వు మీరే గీశారా మాస్టారూ? భలే ఉందే!"

అతను తల వంచుకుని టీ పోశాడు.

"ముఠావాళ్లు రంగుల వెలుగుతో కబుర్లు పంపుకుంటున్నారు," అంది ఆవిడ. "అలాంటి యంత్రం మనకూ కావాలి. రెండు కిరణాలు ఒక్కటి చెయ్యాలి. కిరణాలు కలిపే ఈ గాజు క్యూబ్ పెట్టండి."

"రంగులు కలపడానికి డైక్రోయిక్ అద్దం చాలండీ. ఒక రంగును దాటనిస్తుంది, ఇంకో రంగును తిప్పుతుంది. క్యూబ్ దండగ."

"క్యూబే పెట్టండి."

ఆవిడ కిటికీ దగ్గర పెట్టిన పెట్టె తెరిచాడు. రెండు లేజర్లూ ఆకుపచ్చే. ఒకే రంగును రెండింతలు చేసి ఎవరూ రంగుల కబుర్లు పంపరు. పెట్టె మూతి కిటికీలోంచి గేటు మీది కెమెరాకు సూటిగా ఉంది. ఒక్క కిరణంతో దాని కన్ను గుడ్డిది కాదు. రెండు కలిస్తే అవుతుంది.

ఆవిడ ఇప్పటికీ ముఠా మనిషే. వచ్చింది అతని కిటికీ కోసం.

సోల్డరింగ్ ఐరన్ వైపు చూశాడు. ఆవిడ ఒళ్లోని హ్యాండ్‌బ్యాగు అప్పటికే తెరిచి ఉంది. పిస్టల్ కొస కనిపిస్తోంది.

"టైమవుతోంది మాస్టారూ."

"ఇదిగో, అయిపోయింది."

క్యూబ్‌కు ఒక గుణం ఉంది. అడ్డంగా ఊగే వెలుగును సూటిగా పోనిస్తుంది, నిలువుగా ఊగేదాన్ని పక్కకు మళ్లిస్తుంది. ఒకటి అడ్డం, ఒకటి నిలువు అయితేనే రెండూ ఒకే దారిన బయటికొస్తాయి. అందుకని రెండో లేజర్ ముందు, ఊపును అడ్డం నుంచి నిలువుకు మార్చే బిళ్ల ఒకటి పెట్టాలి. పెట్టాడు. దుమ్ము తుడుస్తూ బొటనవేలితో దాన్ని చుట్టులో ఎనిమిదో వంతు తిప్పాడు.

కింద ఇద్దరు మనుషులు సాక్షి ఇంటి గోడ వారగా నిలబడి ఉన్నారు. ఆవిడ స్విచ్ నొక్కింది. వాళ్లు గేటు ఎక్కారు.

ఒక కిరణం కిటికీ దాటింది. రెండోదాని ఊపు అడ్డంగానే ఉండిపోయింది, అది మళ్లలేదు. క్యూబ్‌లోంచి నేరుగా దూసుకుపోయి అలమరా మీద పడింది. కెమెరా ఆ ఇద్దరినీ చూస్తూనే ఉంది. వాళ్లు గేటు దిగేలోపు వ్యాను వచ్చి ఆగింది.

ఆవిడ చెయ్యి బ్యాగులోకి పోయింది. టీ ముఖాన కొట్టి అతను పిస్టల్ లాక్కున్నాడు. ఐరన్ పిడిలో చీఫ్‌ను పిలిచి వ్యానువాళ్లను పైకి పంపమన్నాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతుంటే ఆవిడ అడిగింది.

"నా కళ్లెదుటే తిప్పావు. నాకే తెలియలేదు. ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"ఎక్కడికీ పోలేదమ్మా, రోజూ ఈ గదిలోనే," అన్నాడు ఏజెంటు. "నన్ను సినిమాకు రమ్మనేవాళ్లు లేకపోయారు."